గోడకి అప్పజెప్పిన పాఠం

జూన్ 20

అక్కా,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నీకు వినపడదు. వినపడినట్టే ఊఁ కొడతావు, తీరా చూస్తే నేను చెప్పింది ఒకటి, నువ్వు పట్టుకున్నది ఇంకొకటి. అందుకే కాగితం ముందేసుకు కూర్చున్నాను. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేమిటని మా ఆఫీసు గుమాస్తా నన్ను వింతగా చూస్తున్నాడు.

ముందు నీ మనవరాలి సంగతి. గువ్వ మా బడి హాస్టల్లో కుదురుకుంది. వచ్చిన కొత్తల్లో మంచం మీద కూర్చుని గోడ సున్నం గిల్లుతూ ఉండేది. ఇప్పుడు అందరితోపాటు వరసలో నిలబడుతోంది, పెట్టింది తింటోంది. నత్తి మాత్రం అలాగే ఉంది. "చిన్నతాతా" అని పిలవడానికి అది పడే అవస్థ చూడలేక, నేనే ముందు "ఏమ్మా" అనేస్తాను. దాని తల్లికి కూడా రాశాను. నీ ఆసుపత్రి డ్యూటీలు నువ్వు నిశ్చింతగా చేసుకో, ఏడాది తిరిగేసరికి నీ కూతురు సభలో మాట్లాడుతుంది అని. నర్సుల హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే మీ తల్లీకూతుళ్ళు దాన్ని నా దగ్గరికి పంపేవాళ్ళా? నీ దగ్గరే ఉంచుకుని ఉంటే, నీకు వినపడదు, దానికి మాట రాదు, ఇద్దరూ ఒకే గదిలో మూగనోము పట్టినట్టు ఉండేవాళ్ళు.

బడి బాగా నడుస్తోంది. కొత్త భవనంలోకి వచ్చాక సాయంత్రం చదువు గంట చూడాలి నువ్వు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. మంచినీళ్ళ వంక పెట్టుకుని వసారాలో తిరిగేవాళ్ళని అరికట్టడానికి ప్రతి గదికీ బయట గడియ పెట్టించాను. ఒక్క వారంలో దారికొచ్చారు.

ఇక అసలు పని. గేటు దగ్గర రాతి కమాను కడుతున్నాం. దాని మీద ఒక మాట చెక్కించాలి. బడిని నడిపే సంఘం పెద్దలు "విద్య" గురించి ఏదో ఒకటి పెట్టమంటున్నారు. అది ప్రతి బడి గోడ మీదా ఉన్నదే. నీ నిఘంటువు ఆఫీసులో ఇప్పుడు "చ" నడుస్తోందని రాశావు కదా. "చదువు" అన్న మాట ఎక్కడ పుట్టింది, దాని అసలు అర్థం ఏమిటి, నాలుగు ముక్కల్లో రాసి పంపు. రాళ్ళు చెక్కే మేస్త్రీ తొందరపెడుతున్నాడు.

నీ తమ్ముడు


జూన్ 27

చిన్నోడా,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే, ఆ అందరిలో నేనూ నా చెవి యంత్రమూ తప్ప ఎవరూ లేరు. అందులో యంత్రం క్షేమంగా లేదు, ఈల వేస్తోంది. డాక్టరు కుడిచెవి మీద ఇంకా ఆశ ఉందన్నాడు. ఎడమ చెవి ఊసే ఎత్తలేదు.

నాలుగు ముక్కల్లో రాయమన్నావు. నేను పుట్టి బుద్ధెరిగాక ఏదైనా నాలుగు ముక్కల్లో చెప్పడం నువ్వు చూశావా? పైగా ఈ ఆఫీసులో తొందరగా జరిగేది ఏదీ లేదు. ఇంటి యజమాని మమ్మల్ని ఖాళీ చేయించాలని ముందు లిఫ్టు ఆపాడు, తర్వాత నీళ్ళు ఆపాడు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. నాలుగో అంతస్తుకి రోజూ మెట్లెక్కి వస్తున్నాం. సంపాదకుడుగారు ఎక్కి రాగానే కుర్చీలో కూలబడి, ఆయాసం తగ్గేదాకా అట్టముక్కతో విసురుకుంటారు. గోడ పొడుగునా చెక్క సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట, ఎవరు ఎక్కడ ఎలా వాడారో. "చ" సొరుగు నాది. "చదువు" చీటీలు అయిపోగానే "చనిపోవు" మొదలవుతుంది, దాని వెనకాలే "చనువు". అక్షరక్రమానికి మర్యాద తెలియదు.

సరే, నీ మాట. "విద్య" అంటే తెలుసుకోవడం, అది సంస్కృతం నుంచి వచ్చి మన ఇంట్లో పెద్దకోడలిలా స్థిరపడింది. "శిక్ష" కూడా అక్కడి నుంచే వచ్చింది. పాపం దానికి అక్కడ నేర్చుకోవడం అని అర్థం, మన దగ్గరికి వచ్చేసరికి చేతిలో బెత్తం పట్టుకుంది. "చదువు" అలా కాదు, మన ఇంటిపిల్ల. దాని పుట్టుక గురించి పెద్దలు తలో మాటా అన్నారు, నేను అవేవీ పట్టుకు వేలాడను. పుట్టుక తేలని చోట నేను వాడుకను నమ్ముతాను. వాడుక చూస్తే, పాత చీటీలు ఎన్ని తిరగేసినా, చదువు ఉన్నచోటల్లా నోరు ఉంది. పుస్తకం ముందు పెట్టుకుని కళ్ళతో గుటకలు మింగడం చదువు కాదు. పైకి, గొంతెత్తి, అక్షరం అక్షరం పలకడం చదువు. పెళ్ళిలో కానుక ఇచ్చినవాళ్ళ పేరు అందరికీ వినపడేలా చెప్పడాన్ని ఏమంటాం? చదివించడం అంటాం. అక్కడ పుస్తకం ఎక్కడుంది? గొంతే ఉంది. పాఠం వచ్చిందంటే "నోటికి వచ్చింది" అంటాం గాని కంటికి వచ్చింది అనం. కాబట్టి చీమ చిటుక్కుమంటే వినపడే నీ చదువు గంట మన మాట ప్రకారం చదువే కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఉడుక్కోకు. ఇది సగమే. అసలైన సగం ఇంకా ఉంది. గుమాస్తా టపా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు, మళ్ళీ ఎక్కి రమ్మంటే రాడు. తర్వాతి ఉత్తరంలో రాస్తాను. అప్పటిదాకా రాయి మీద ఉలి పెట్టించకు.

గువ్వ గురించి ఒక్క మాట. మా గదిలో మూగనోము లేదు నాయనా. అది నా కుడిచెవి దగ్గర నోరు పెట్టి రోజూ ఏదో ఒకటి చదివేది. నాకు సగమే వినపడుతుంది గనక దాన్ని నేను తొందరపెట్టను. తొందరపెట్టకపోతే దానికి నత్తి ఉన్నట్టే తెలియదు.

అన్నట్టు, బయట గడియ ఏమిట్రా? పశువుల కొట్టానికి పెడతారు అలాంటివి.

నీ అక్క


జులై 15

అక్కా,

నీ ఉత్తరం నా కళ్ళు తెరిపించింది. ఇన్నాళ్ళూ పిల్లల నోళ్ళు మూయించి చదువు చెబుతున్నాననుకున్నాను. టీచర్లందరినీ కూర్చోబెట్టి నీ ఉత్తరం వినిపించాను. నీ పశువుల కొట్టం ముక్క వదిలేశాననుకో. సోమవారం నుంచి పద్ధతి మార్చేశాం. సాయంత్రం గంట మోగగానే అన్ని గదుల్లోనూ ఒకేసారి పైకి చదవడం మొదలు. టీచరు బల్ల మీద స్కేలుతో దెబ్బ వేస్తుంటే, ఆ దెబ్బకి తగ్గట్టు గదంతా ఒక్క గొంతై పలుకుతుంది. మూడంతస్తులూ మోగిపోతున్నాయి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడి వింటున్నారు. ఆఫీసు గదిలో ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా ఆ గంటలో నాకు వినపడదు. నీ బాధ ఏమిటో ఇప్పుడు తెలిసింది.

సంఘం పెద్దల్లో ఒకాయన దారిన పోతూ విని, లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. బడి అంటే ఇలా ఉండాలన్నాడు. ఇది మా అక్క చెప్పిన పద్ధతి, మాటలు పుట్టిన చోటు తెలిసిన మనిషి అని గర్వంగా చెప్పాను.

ఉలి పెట్టించకు అన్నావు. మేస్త్రీ ఆగలేదు, వేరే పని ఒప్పుకున్నానన్నాడు. "గొంతెత్తి చదివిందే చదువు" అని చెక్కించేశాను. మేస్త్రీ చెయ్యి తిరిగినవాడు, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మిగతా సగం కూడా రాయి, చోటుంటే కింద వరసలో వేయిద్దాం.

గువ్వతో చిన్న చిక్కు వచ్చింది. అందరూ కలిసి చదివేటప్పుడు అది ఒక మాట దగ్గర ఆగిపోతుంది, పక్కవాళ్ళు దాని వైపు చూస్తారు, స్కేలు దెబ్బ తప్పుతుంది, గదంతా తప్పుతుంది. అందుకని దాని మీద విడిగా శ్రద్ధ తీసుకునే ఏర్పాటు చేశాను. నువ్వు బెంగపడాల్సిన పని లేదు. నీకు రెండు ముక్కలు రాసిచ్చింది, ఇందులో పెడుతున్నాను.

గడియల సంగతి అడిగావు. గొంతులు కలవాలంటే తలుపులు మూసి ఉండక తప్పదు. అందులో తప్పేమీ లేదు.

నీ తమ్ముడు


జులై 22

చిన్నోడా,

అక్క ఆశీస్సులు. నా ఉత్తరం చదివి ఒకరు ఏదైనా మార్చారంటే అది ఇదే మొదలు. ఇన్నేళ్ళుగా మేం అచ్చు వేసిన సంపుటాలు బీరువాల్లో నిద్రపోతున్నాయి. సంపాదకుడుగారికి చెబితే మెట్లెక్కిన ఆయాసం కూడా మర్చిపోయి నవ్వారు. ముచ్చట పడ్డానని ఒప్పుకుంటున్నాను. కానీ సగం మందుతో రోగం కుదిర్చావు. కాబట్టి మిగతా సగం శ్రద్ధగా విను.

పైకి చదవడం ఎందుకు? ఎవరో ఒకరు వినడానికి. ఊరికే అరవడానికి చదువు అన్న మాట ఎవరూ వాడలేదు. పెద్ద చదువరిని మనవాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా? బహుశ్రుతుడు. చాలా విన్నవాడు అని. చాలా వాగినవాడు అని కాదు. పిల్లలు పాఠం అప్పజెబుతారు. అప్పజెప్పడమంటే ఇవతలివాడు తీసుకోవాలి కదా. తీసుకునేవాడు లేకుండా ఎవరికి అప్పజెబుతారు? నా దగ్గరున్న చీటీల్లో గొంతు ఉన్న ప్రతిచోటా పక్కనే ఒక చెవి ఉంది. గురువుదో, తల్లిదో, గుంపుదో. ఈ రెండో సగం లేకపోతే మొదటిది వట్టి రొద. మీ మూడంతస్తుల్లో అంతమంది పిల్లలు ఒక్కసారే చదువుతుంటే వినేది ఎవర్రా? స్కేలు వింటుందా? ఎదురుగా ఉన్న మనిషి మాటే వినపడదని నువ్వే రాశావు. నాకైతే చెవులు పోయాయి, నీకేం వచ్చింది?

గువ్వ మీద విడిగా శ్రద్ధ అన్నావు, అది మాత్రం బాగుంది. నువ్వే ఆఫీసులో పక్కన కూర్చోబెట్టుకుని వింటున్నావనుకుంటాను. చిన్నప్పుడు నీ ఎక్కాలు నేను అలాగే విన్నాను. పదమూడో ఎక్కం దగ్గర నువ్వు ఏడ్చేవాడివి, అది నీ టీచర్లకి చెప్పనులే. దాని ముక్కలు చూసి నవ్వుకున్నాను. "అమ్మమ్మా, నేను గోడకి చదువుతున్నాను. గోడ తొందరపెట్టదు" అని రాసింది. గోడ పక్కన కూర్చోబెట్టావు కాబోలు, దాని చమత్కారం చూడు. గోడలకి చెవులుంటాయంటారు, నా చెవుల కంటే బాగానే పనిచేస్తాయి అని దానికి చెప్పు.

కింద వరసకి ఇది చెక్కించు: "వినేవాళ్ళుండగా". అంతే. చోటు సరిపోకపోతే పైవరస తీసేసి ఇది ఒక్కటే ఉంచు.

నీ అక్క


ఆగస్టు 5

అక్కా,

జవాబు ఆలస్యమైంది. తీరిక లేదు. వచ్చేవారం సంఘం పెద్దలందరూ కలిసి మా పైకి చదువు వినడానికి వస్తున్నారు. నచ్చితే మిగతా బడుల్లో కూడా ఇదే పెడతారట. గోడలకి రంగులు, పిల్లలకి కొత్త బట్టలు, వసారాలో కుర్చీలు. నాకు ఒక్క తల, పది పనులు.

నీ రెండో సగం చదివాను. నిఘంటువుకి బాగుంటుంది. బడికి పనికొచ్చేది మొదటి సగమే. ఒక్కొక్కరిదీ కూర్చుని వినాలంటే ఎంతమంది టీచర్లు కావాలో నీకు తెలుసా? కమాను కింద వరసలో చోటు కూడా లేదు, అక్కడ పెద్దల పేర్లు వస్తున్నాయి.

గువ్వ విషయంలో నువ్వు వేరేగా అర్థం చేసుకున్నట్టున్నావు. ఆఫీసులో కాదు. అందరి ముందూ చదవాలంటే దానికి సిగ్గు కదా, అందుకని మెట్ల కింద గది ఖాళీ చేయించి ఇచ్చాను. పాత పరుపులు, చాపలు ఒక మూలకి సర్దించాం. దీపం ఉంది. చదువు గంటలో అక్కడ కూర్చుని ఒక్కతే పైకి చదువుకుంటుంది. వార్డెనమ్మ బయట స్టూలు వేసుకుని వింటుంది. పేజీ అంతా ఎక్కడా ఆగకుండా చదివితే వెంటనే గడియ తీసేయాలని నియమం పెట్టాను. ఏదో ఒక ఆశ ఉండాలి కదా పిల్లలకి. ఇంతవరకు ఒక్కసారి కూడా గెలవలేదనుకో, గంట కొట్టాకే బయటికి వస్తోంది. కానీ రోజురోజుకీ పట్టుదల పెరుగుతోందని వార్డెనమ్మ అంటోంది. ఏడవదు, తలుపు కొట్టదు. కేకలు వేస్తే ఇంకో పేజీ అని మొదటి రోజే చెప్పాను, చక్కగా వింటుంది. ఈ ఏర్పాటు నీకిష్టమేనా అని దాన్ని అడిగాను, తల ఊపింది. నువ్వు కూడా గోడ సంగతికి నవ్వినట్టు రాశావు. మీ ఇద్దరికీ లేని అభ్యంతరం నాకెందుకు?

ఆ గదిలో ఉన్న చిక్కు ఒక్కటే. ఆ అంతస్తు స్విచ్చిబోర్డు అక్కడే ఉంది, అప్పుడప్పుడూ చిటపటమంటోంది. ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను, పెద్దలు వచ్చి వెళ్ళాక చూస్తానన్నాడు. ఇప్పుడు పీకితే రంగులు పాడవుతాయట.

ఆరోగ్యం జాగ్రత్త. మెట్లు నెమ్మదిగా ఎక్కు.

నీ తమ్ముడు


ఆగస్టు 10

ఒరేయ్,

ఆ గడియ తీసేయి. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళి తీసేయి, తర్వాత మిగతాది చదువు.

తీశావా? ఇప్పుడు విను. ఒంటిగా బతికే ముసలిదాన్ని, చెవులు లేనిదాన్ని, నీకు బడి నడపడం నేర్పేంతదాన్ని కాదు. నా ముక్కలు పట్టుకుని నువ్వు చేస్తున్నది చూస్తూ మాత్రం ఊరుకోలేను. నత్తి ఉన్న పిల్లని ఆగకుండా చదివితేనే తలుపు తీస్తానని లోపల పెట్టి గడియ వేస్తావా? కుంటివాడిని పరిగెత్తి వస్తేనే అన్నం అన్నట్టుంది. అది గోడకి చదువుతున్నానంటే చమత్కారం అనుకున్నాను. ఉన్నమాటే రాసింది పిచ్చిది. చదివి నవ్వాను నేను. తల ఊపిందంటావు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎదురుగా నిలబడినవాడు చిన్నతాత, ఆ బడికే పెద్ద. తల ఊపక ఏం చేస్తుంది?

మూడంతస్తులు మోగుతుంటే వార్డెనమ్మకి తలుపు లోపలి గొంతు ఎలా వినపడుతుంది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు నన్ను చూసి. మీరందరూ కలిసి ఒక్కసారే ఊదుతున్నారు.

ఫోన్‌లో నాకు వినపడదని గుమాస్తా చేత మీ ఆఫీసుకి చేయించాను. ప్రిన్సిపాల్‌గారు రంగులవాళ్ళతో ఉన్నారు అన్నారట. మళ్ళీ చేయిస్తే ఎవరూ ఎత్తలేదట. మా అమ్మాయికి కూడా కబురు పెట్టాను, దానికి వారం దాకా సెలవు లేదు. "చ" సొరుగు సంపాదకుడుగారికి అప్పగించి ఆదివారం బయల్దేరతాను. అప్పగించకుండా వచ్చేద్దామనుకున్నాను గాని, అచ్చుకి వెళ్ళే ముందు ఇంకెవరూ ఆ చీటీలు సర్దలేరు. వచ్చి గువ్వని తీసుకుపోతాను. దాని బట్టలు సర్ది ఉంచు.

ఈలోగా ఒక్కటే. గడియ.

అక్క


ఆగస్టు 16

అక్కా,

మేనకోడలు నీకు చెప్పే ఉంటుంది. అయినా నా వైపు నుంచి కూడా నీకు తెలియాలి. ముందుగా, గువ్వ ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఒంటి మీద కాలిన గాయాలు కూడా లేవు. పొగే. గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి బాగా వెళ్ళింది. మాట గురించి డాక్టర్లు ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు.

నీ ఉత్తరం ఆ రోజే వచ్చింది. పెద్దలు అప్పుడే కార్లు దిగుతున్నారు. వాళ్ళు వెళ్ళాక తీరిగ్గా చదువుదామని బల్ల మీద పెట్టాను. పైన నీ దస్తూరీ చూసి, మళ్ళీ ఏదో మాట పుట్టుక రాశావనుకున్నాను.

జరిగింది ఇది. పెద్దలు వసారాలో కూర్చున్నారు. చదువు మొదలైంది. ఎన్నడూ లేనంత బాగా వచ్చింది అక్కా, అబద్ధమెందుకు. కాఫీలు అందించడానికి చెయ్యి చాలక వార్డెనమ్మని పిలిపించారు. ఆవిడ స్టూలు మీద నుంచి లేచి వచ్చింది. ఎవరు పిలిపించారో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు. నేనే అయ్యుండవచ్చు. స్విచ్చిబోర్డు నుంచి నిప్పురవ్వ పరుపుల మీద పడింది. మంట లేవలేదు, లోలోపల రగిలింది. వంటామె గరిటె కోసం అటు వెళ్తూ తలుపు సందులోంచి పొగ రావడం చూసి గడియ తీసింది. పిల్ల తలుపు దగ్గరే ఉంది, పుస్తకం చేతిలోనే ఉంది. వంటామె మోసుకుంటూ వసారాలోకి వచ్చేదాకా పైన గదుల్లో చదువు సాగుతూనే ఉంది.

విచారణ సంఘం వేశారు. ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరి సలహా అని అడిగారు. నీ మొదటి ఉత్తరం ఇచ్చాను. నిన్ను ఇరికించడానికి కాదు. చదువుకున్నవాళ్ళు చెప్పిన పద్ధతి అని తెలియాలని. నిన్ను పిలిస్తే, పైకి చదవడమే మన మాటకి అసలు అర్థమని ఒక్క ముక్క చెప్పు చాలు. మిగతాది ఎవరూ అడగరు.

ఇంకొకటి కూడా నువ్వు గమనించాలి. ఒక్క కేక వేసి ఉంటే ఎవరో ఒకరు పరిగెత్తేవాళ్ళం. వార్డెనమ్మ ఎంత దూరంలో ఉందని? అది పిలవలేదు అక్కా. వంటామె కూడా పిలుపేదీ వినలేదంటోంది. నోట్లో నాలుక లేని పిల్ల. దాని తీరే అంత. అది కూడా విచారణలో రాసుకున్నారు.

కమానుకి గుడ్డ కప్పించాను. నువ్వు వస్తే ఏం చేయాలో చెబుదువుగాని.

నీ తమ్ముడు


సెప్టెంబరు 2

తమ్ముడికి,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. అమ్మాయి రాత్రిళ్ళు ఉంటోంది, పగలు నేను. గది చిన్నది, కిటికీ పక్కన మంచం. నర్సులు మాట్లాడేది నాకు వినపడదు, గువ్వ వాళ్ళకి బదులు చెప్పకూడదు, నువ్వన్న మూగనోము ఇప్పుడు నిజంగానే పట్టాం. గొంతు కదపవద్దన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు. మాట వచ్చినా మునుపటిలా ఉండదని అమ్మాయితో అన్నారట. అమ్మాయి ఆ సంగతి నా చెవిలో చెప్పలేక కాగితం మీద రాసింది.

సొరుగు అప్పగించాకే బయల్దేరాను. ఆదివారం అన్నాను, ఆదివారమే వచ్చాను. అప్పటికి అంతా అయిపోయింది. నీ బల్ల మీద ఉత్తరం ఎలా ఉండిపోయిందో, నా సొరుగు దగ్గర నేనూ అలాగే ఉండిపోయాను. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

విచారణకి వస్తాను. నాకు వినపడదు కాబట్టి గట్టిగా అడగమను, అందరికీ వినపడేలా అడగమను. నా మొదటి ఉత్తరం నాదేనని ఒప్పుకుంటాను. రెండోది కూడా తీసుకురా. తీసుకురాకపోయినా ఏం ఫరవాలేదు, అందులో రాసింది నాకు నోటికి వచ్చు. మా ఆఫీసులో "చదువు" చీటీ అచ్చుకి వెళ్ళింది. అర్థం దగ్గర "వినేవాళ్ళుండగా పైకి పలుకుట" అని రాశాను. అలా రాయడానికి పాత ఆధారం చాలదన్నారు సంపాదకుడుగారు. కొత్త ఆధారం ఉందని చెప్పాను, ఆయన చీటీ మీద సంతకం పెట్టారు.

కమాను మీది గుడ్డ తీయించు. ఆ రాయి పగలగొట్టకు, అక్షరాలు చెరపకు. నీ బడికి వచ్చేవాళ్ళందరూ దాని కిందనుంచే లోపలికి వెళ్ళాలి, నువ్వు కూడా రోజూ వెళ్ళాలి.

ఇక అది పిలవలేదన్న మాట. నిజమే. ఎందుకు పిలవలేదని నేను కూడా అడిగాను. ఆఫీసు నుంచి తెచ్చిన ఖాళీ చీటీలు దాని చేతికిచ్చాను, పెన్సిల్‌తో రాసింది. రాతలో దానికి నత్తి లేదు. అక్షరం మార్చకుండా నీకు రాస్తున్నాను. ఎవరూ పక్కన లేనప్పుడైనా సరే, పైకి చదువు.

"కేకలు వేస్తే ఇంకో పేజీ అన్నారు కదా అమ్మమ్మా. అందుకని వేయలేదు. పొగ వచ్చాక నాకు నత్తి రాలేదు. పేజీ అంతా ఎక్కడా ఆగకుండా చదివేశాను. తలుపు తీయలేదు. వార్డెనమ్మకి వినపడలేదేమో అని మళ్ళీ మొదటినుంచి చదివాను."

గువ్వ అమ్మమ్మ